మస్టాంగ్ జీటీ 5.0: డబ్బు మొత్తం బానెట్ కిందే ఉంది

ఫోర్డ్ కంపెనీ స్పోర్ట్స్ కారు మస్టాంగ్‌లో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉండే జీటీ, 2018 మోడల్, మాన్యువల్ గేర్లది, సెకండ్ హ్యాండ్‌లో కొని డాలస్‌లో నడుపుతున్నాను. ముందే చెప్పేస్తా, ఇది ఇంజిన్ కోసం కొనుక్కునే కారు. లోపలి ప్లాస్టిక్ మామూలే, వెనక సీటు ఉందంటే ఉంది అంతే, మా బావమరిది ఒకసారి అందులో కూర్చుని దిగుతూ "బావా, ఈసారి నేను ఊబర్‌లో వచ్చేస్తాలే" అన్నాడు.

పక్కన 5.0 అనే బ్యాడ్జ్ చూసి ఇది ఆ పాత ఇంజినే అనుకునేవాళ్లు చాలామంది. అంకె ఒకటే, ఇంజిన్ వేరు. 1980ల నాటిది 302 క్యూబిక్ అంగుళాల పుష్‌రాడ్ (వాల్వుల్ని కడ్డీలతో తెరిచే పాత పద్ధతి) వీ8, లెక్క కడితే 4.94 లీటర్లే వస్తుంది, అయినా ఫోర్డ్ వాళ్లు దర్జాగా 5.0 అని రాసుకున్నారు. 1987కల్లా 225 హార్స్‌పవర్‌కి వచ్చింది, లాగుడంతా 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చుట్టుపక్కలే. ఇప్పటి కయోటీ ఇంజిన్ 2011లో 412 హార్స్‌పవర్‌తో మొదలైంది, నాలుగు క్యామ్‌షాఫ్టులు, 32 వాల్వులు, నా 2018 దానికొచ్చేసరికి 460, కానీ ఆ 460 చూడాలంటే 7000 దాకా తిప్పాలి. పాతదానికి అలవాటు పడ్డవాళ్లు 2500కే గేర్ మార్చేసి "ఇందులో ఏముంది?" అంటారు. రెండో గేర్‌లోనే ఉంచి హైవే ర్యాంప్ ఎక్కండి, 3000 లోపు బుద్ధిమంతుడిలా ఉంటుంది, 4500 దాటాక గొంతు మారుతుంది, ఆ తర్వాత 7500 ఎర్రగీత దాకా ఎక్కడా ఆయాసపడదు.

అసలు మస్టాంగ్ మొదట అమ్ముడుపోయింది ఇంజిన్ చూసి కాదు. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో బయటపెట్టినప్పుడు, 2,368 డాలర్ల ప్రారంభ ధరకి వచ్చేది ఫోర్డ్ వాళ్ల మామూలు కారు ఫాల్కన్ నుంచి తెచ్చిన ఆరు సిలిండర్లది, 101 హార్స్‌పవర్. జనం ఎగబడింది రూపానికీ, ధరకీ. కండ తర్వాత వచ్చింది, 1968లో 428 కోబ్రా జెట్ అనే ఇంజిన్‌కి కాగితం మీద 335 హార్స్‌పవర్ అని రాసినా అసలు శక్తి అంతకంటే చాలా ఎక్కువని తెలిసినవాళ్లంతా అంటారు.

1974లో వచ్చిన మస్టాంగ్ టూ మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ. వీ8 అన్నదే లేదు, మామూలు మోడల్‌కి 2.3 లీటర్ల నాలుగు సిలిండర్లు, 88 హార్స్‌పవర్. మరుసటి ఏడాది 302 తిరిగొచ్చింది గానీ పాత జోరు లేదు, 1980లో పెట్టిన 255 వీ8 అయితే 120 కూడా దాటలేదు. దీనికంతటికీ చమురు సంక్షోభాన్నే తిడతారు, పొగ నిబంధనల సంగతి మరిచిపోతారు. ఇంకోటి కూడా ఉంది. 1971 దాకా ప్రకటనల్లో వేసిన అంకెలు ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్, అసలు సైలెన్సర్ ఏవీ లేకుండా ఒట్టి ఇంజిన్‌ని బెంచీ మీద కొలిచినవి, 1972 నుంచి అన్నీ బిగించి కొలవడం మొదలైంది. అందుకే ఆ కాలం నాటి అంకెల్ని పట్టుకొచ్చి నా కారు 460తో నేరుగా పోల్చకండి, రెండూ ఒకే రకం కొలత కాదు.

ఇండియాలో 2016లో ఇదే జీటీ 65 లక్షలకి వచ్చింది, ఇంజిన్‌ని 400 దగ్గరికి తగ్గించి. ఆ డబ్బుకి అది కాస్త అన్యాయమే.

మైలేజీ గురించి అడగొద్దు, సిటీలో గ్యాలన్‌కి 15 మైళ్లు వస్తే అదే ఎక్కువ. యాక్టివ్ ఎగ్జాస్ట్ (సైలెన్సర్ చప్పుడుని మనం పెంచి తగ్గించుకునే ఏర్పాటు) ఉన్న కారు దొరికితే వదలకండి, తెల్లవారుజామున స్టార్ట్ చేసినా చప్పుడు తగ్గేలా టైమ్ పెట్టుకోవచ్చు, పక్కింటివాళ్లతో గొడవుండదు. ఇల్లు, ఆఫీసు, ట్రాఫిక్ ఇంతే అయితే టర్బో నాలుగు సిలిండర్ల మస్టాంగ్, 310 హార్స్‌పవర్ ఎకోబూస్ట్ చాలు, నిజంగానే చాలు, కింద నుంచే బాగా లాగుతుంది. జీటీయే కావాలంటే టెస్ట్ డ్రైవ్‌లో మొహమాటపడకుండా, ఇంజిన్ వేడెక్కాక ఒక్కసారైనా 6000 దాటించి చూడండి, సేల్స్‌మ్యాన్ ఒప్పుకోకపోతే ఇంకో షాపుకి వెళ్లండి.