ఇరుక్కున్న సన్‌రూఫ్‌కు ఏది మేలు: డబ్ల్యూడీ-40నా, గ్రీజా, సిలికాన్ స్ప్రేనా?

సన్‌రూఫ్ సగంలో ఆగిపోతే మన అనంతపురంలో ముందు చెయ్యి పోయేది డబ్ల్యూడీ-40 డబ్బా మీదికే. గేటు గడియకు, సైకిల్ చైనుకు, తుప్పు పట్టిన బోల్టుకు అన్నిటికీ అదే కొడతాం కాబట్టి దీనికీ అదే చాలనుకుంటాం. పక్కింటాయన గ్రీజు పెట్టమంటాడు, వీడియోల్లో సిలికాన్ అంటారు, ఇంట్లో పెద్దవాళ్లు కొబ్బరినూనె రాసి చూడమంటారు. వీటిలో ఏది మేలో తేల్చే ముందు అసలు రోగమేదో తెలియాలి. నూనెతో పోయేది ఒక రకం ఇరుకే.

స్విచ్ నొక్కి చెవి పెట్టండి. ఏ చప్పుడూ లేకపోతే అది కరెంటు సంగతి: ఫ్యూజు, స్విచ్, వైరు, లేదంటే మోటారు. ఫ్యూజు పోయింటే అదే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం మాత్రం కదలకపోయినా, టకటకమని పళ్లు జారినట్టు వినిపించినా కేబుల్ తెగిందో, గేరు అరిగిందో అనుకోవాలి. అద్దాన్ని లాగేది రెండు పక్కలా ఉండే రెండు కేబుళ్లు. వాటిలో ఒకటి ఒక్క పన్ను జారినా అద్దం వంకరగా పోయి బిగుసుకుంటుంది. దానికి ఏ డబ్బా కొట్టినా డబ్బులు దండగ.

అద్దం కొంచెం ముందుకొచ్చి, మూసుకోబోతూ మళ్లీ వెనక్కే పోతుంటే అది నూనెతో పోయే మన రకం. ఎవరి వేళ్లూ నలగకుండా మోటారుకు యాంటీ-పించ్ అనే ఏర్పాటు ఉంటుంది. దారిలో గట్టిగా ఏదైనా తగిలితే వెనక్కి తిప్పేస్తుంది. తగిలింది చెయ్యో, దుమ్మో దానికి తెలీదు. ఇక బ్యాటరీ మార్చాకే ఈ తంటా మొదలైతే అది దుమ్ము పని కాకపోవచ్చు. అద్దం ఎక్కడ ఆగాలో మోటారు మర్చిపోయి ఉంటుంది. చాలా బండ్లలో రూఫ్ మూసిన స్థితిలో స్విచ్‌ను పది సెకన్ల దాకా పట్టుకుని రీసెట్ చేయొచ్చు. ఏ వైపుకు పట్టుకోవాలి, తర్వాత ఏం నొక్కాలి అన్నది బండిని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ తీయక తప్పదు.

ఎండ సంగతీ ఉంది. మే నెలలో కడపలోనో, కర్నూలులోనో మధ్యాహ్నమంతా బయట నిలబెట్టిన బండిలో అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. మూడు గంటలకు రాని రూఫ్ రాత్రి ఎనిమిదికి వచ్చిందంటే అనుమానించాల్సింది బీడింగ్‌నే. అప్పుడు ఒకరు స్విచ్ నొక్కుతుంటే ఇంకొకరు లోపలి నుంచి అరచేత్తో అద్దాన్ని మెల్లగా పైకి ఆనించాలి. రాలేదు కదా అని స్విచ్‌ను అదేపనిగా నొక్కితే మోటారు వేడెక్కుతుంది.

సరే, అద్దం జారే ట్రాక్ బిగుసుకుందనే తేలిందనుకుందాం. నా లెక్కలో డబ్బా కంటే ముందు గుడ్డ. మన దగ్గర ట్రాక్‌లో చేరేదేమిటో చూడండి. ఆషాఢం గాలికి లేచే ఎర్రమన్ను చాలా మెత్తన, ఏ సందులోకైనా దూరుతుంది. తాడిపత్రి వైపు తిరిగే బండికి బండల పాలిష్ పొడి, ఎర్రగుంట్ల వైపు తిరిగేదానికి సిమెంటు దుమ్ము. సిమెంటు దుమ్ము మీద నాలుగు చినుకులు పడ్డాయంటే మూలల్లో గట్టిపడి కూర్చుంటుంది. నీడ కోసం వేపచెట్టు కింద పెట్టే బండ్లకైతే ఉగాదికి పూత, ఎండాకాలం చివర పండ్ల జిగురు.

పాత బనీను గుడ్డను ఒక పుల్ల కొనకు చుట్టి, ట్రాక్ ముందు మూల నుంచి వెనక్కి లాగండి. ముందు నల్లటి జిడ్డు వస్తుంది, ఆ తర్వాత ముదురు ఎరుపు. ఆ జిడ్డును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే గరగరమంటుంది. కంపెనీ పెట్టిన గ్రీజులో ఇసుక కలిసి తయారైన ముద్ద అది. గరగర పోయేదాకా గుడ్డలు మార్చి మార్చి తుడవాలి. పాత టూత్‌బ్రష్, వాక్యూమ్ ఉంటే ఇంకా సుఖం. జిడ్డు మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ వాడొచ్చు, పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దు. రూఫ్ సగంలోనే ఆగిపోతే అందినంత తుడిచి, కొంచెం జరిపి, మళ్లీ తుడవాలి. ఓపిక పని. చాలా బండ్లు ఇక్కడికే దారికొస్తాయి.

ఇప్పుడు డబ్బాల పోటీ.

డబ్ల్యూడీ-40 తేమను తరిమేందుకు 1953లో పుట్టింది. 40 అన్నది నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందనే లెక్క. పట్టేసిన బోల్టు ఊడదీయడానికి బంగారం లాంటి సరుకే. ట్రాక్‌లో కొడితే మాత్రం ఉన్న మంచి గ్రీజును కరిగించి కిందికి దించేస్తుంది, తన వంతుగా పల్చటి పొర ఒకటి మిగులుస్తుంది. కొట్టిన రోజు అద్దం జర్రున పోతుంది, అందరూ భలే అనుకుంటారు. వారం పది రోజుల్లో ఆ పొర ఆరిపోయి, పట్టిన దుమ్ము మిగులుతుంది. పైగా బీడింగ్ రబ్బరు సాధారణంగా ఈపీడీఎం రకం, దానికి పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బుతుంది. అదే కంపెనీ సిలికాన్ డబ్బా కూడా వేరేగా అమ్ముతుంది. కొనేటప్పుడు రంగు చూసి తేకుండా పేరు చదవండి.

లిథియం గ్రీజు ఇనుముకు ఇనుము రాసుకునే చోట గట్టిది. సన్‌రూఫ్‌ను పైకి లేపే లివర్ల కీళ్ల దగ్గర బఠాణీ గింజంత పెడితే తప్పులేదు. మొత్తం ట్రాక్ పొడవునా పూస్తే మాత్రం మన ఊళ్లకు అది పనికిరాదు. తెలిసిన మెకానిక్‌ను అడిగితే నవ్వి, "గ్రీజు దట్టంగా పూసినావంటే దుమ్మును బొట్టుపెట్టి పిల్చినట్లే సార్" అన్నాడు. చుట్టూ పచ్చదనం ఉండి దుమ్ము లేవని ఊళ్లో ఉండేవాళ్లకు ఇదే సలహా ఇవ్వను. సాలుకు 550 మిల్లీమీటర్ల దగ్గరదగ్గరగా వాన పడే అనంతపురానికి మాత్రం ఇదే మాట.

సిలికాన్ స్ప్రే రబ్బరుకు సరైనది. ఉబ్బించదు, అతుక్కోనివ్వదు, ఎండకు బీడింగ్ పగలకుండా కాస్త కాపాడుతుంది. నేరుగా కొట్టకూడదు. గుడ్డ మీద కొట్టుకుని బీడింగ్ చుట్టూ తుడవాలి. గాలికి ముందద్దం మీద పడిందంటే వైపర్ తిరిగిన ప్రతిసారీ మసక. పెయింటు పని చేయించబోయే బండి దగ్గరికి దీన్ని అసలు తేవద్దు, సిలికాన్ తగిలిన చోట కొత్త పెయింటు పట్టక గుంటలు పడతాయి.

ట్రాక్‌కు నా ఓటు పీటీఎఫ్ఈ (అంటుకోని పెనాల మీది టెఫ్లాన్ సరుకే) డ్రై లూబ్‌కు. కొట్టాక తడి ఆరిపోయి పొడి పొర మిగులుతుంది, మన్ను పట్టుకోవడానికి జిడ్డు ఉండదు. గ్రీజుతో పోలిస్తే తొందరగా అరిగిపోతుంది, ధర కూడా కొంచెం ఎక్కువ. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ కొట్టుకోవాల్సిందే. ఇంత చెప్పినా, మీ బండి మాన్యువల్లో ఫలానా గ్రీజు అని రాసి ఉంటే వాదన లేదు, అదే పెట్టండి, పల్చగా.

కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టి బంకగా మారి చీమల్ని పిలుస్తుంది. తలకు రాసుకోండి.

ఇక ఎవరి చేత చేయించాలి? తుడవడం, సిలికాన్, డ్రై లూబ్, రీసెట్ మన ఇంటి ముందు చేసుకునే పనులే. ఫ్యూజు వేసిన వెంటనే మళ్లీ పోతుంటే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ సర్వీస్ సెంటర్ కంటే తొందరగా పట్టేస్తాడు, మోటారుకు కరెంటు వస్తుందో లేదో మల్టీమీటర్‌తో చూడడానికి ఎక్కువ సేపు పట్టదు. కేబుల్ జారిందంటే లెక్క మారుతుంది. దానికి రూఫ్ లైనింగ్ దించాలి. ఇప్పటి చాలా బండ్లలో ఆ లైనింగ్ అంచుల వెంటే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. అవి పొరపాటున విచ్చుకోకుండా ముందు బ్యాటరీ తీయాలి, అలా తీయకుండా లైనింగ్ పీకే చోట బండి వదలొద్దు. వారంటీ ఉంటే కంపెనీ వాళ్ల దగ్గరికే. వారంటీ అయిపోయి, వాళ్లు మొత్తం సెట్టు మార్చాలి అని వేలల్లో ఎస్టిమేట్ ఇస్తే, కేబుల్, గైడ్లు విడిగా దొరుకుతాయేమో బయట అడిగాకే సరే అనండి.

రూఫ్ తెరుచుకునే ఉండిపోయి మబ్బు పట్టిందంటే టెన్షన్ సహజమే. కొన్ని బండ్లలో లోపలి లైటు దగ్గరి మూత తీస్తే మోటారుకు ఎల్-కీ పట్టే రంధ్రం ఉంటుంది, మెల్లగా తిప్పి మూసుకోవచ్చు. కొత్త బండ్లలో చాలావాటికి అది లేదు. అప్పుడు మందపాటి ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచులు తలుపుల్లో నొక్కి, హైవే ఎక్కకుండా మెల్లగా షాపుకు పోవడమే.

ట్రాక్ తుడిచిన రోజే మూలల్లో వాన నీళ్లను కిందికి దించే గొట్టాలు కూడా చూసేయండి. మనకు వాన తక్కువ కాబట్టి అవి మూసుకుపోయిన సంగతి నెలల తరబడి తెలీదు. సెప్టెంబరులో ఒక్క గట్టి వాన పడితే కాళ్ల కింద మ్యాట్ తడిసి, లైనింగ్ మీద మరక కనిపిస్తుంది. మూలలో అర గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, బండి కింద చక్రం దగ్గర చుక్కలు పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే మెత్తటి నైలాన్ తీగ దూర్చండి. టైర్ల షాపులో కంప్రెసర్ గాలి కొట్టించొద్దు, గొట్టం లోపల జాయింటు ఊడితే నీళ్లన్నీ లైనింగ్ మీదికే.