గుద్దింది వాడు, ఎన్‌సీబీ పోయింది నాది: కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ ఉన్నవాళ్ళు జాగ్రత్త

పోయిన ఆగస్టులో విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడితే ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ వచ్చి తన కారుతో గుద్దేశాడు. నా బంపర్ చీలింది, టెయిల్ ల్యాంప్ పగిలింది, డిక్కీ డోర్ సొట్టపడి మూసుకోవడం మానేసింది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వాడు దిగొచ్చి "సారీ అంకుల్, మీకు ఇన్సూరెన్స్ ఉంటుందిగా, క్లెయిమ్ చేసుకోండి" అన్నాడు. తప్పు నాది కాదు కదా, నాకేం పోతుందిలే అని నేనూ ఊరుకున్నాను. నంబరిచ్చాడు గానీ, మర్నాటి నుంచి ఫోన్ ఎత్తితే ఒట్టు.

మన పాలసీ మీద ఓన్ డ్యామేజ్ (మన కారు రిపేరు ఖర్చు) క్లెయిమ్ పెట్టామంటే గుద్దిందెవరైనా సరే, నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ పెట్టనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే డిస్కౌంట్, పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, ఆ తర్వాత 25, 35, 45, ఐదేళ్ళకి 50. నేను 50లో ఉన్నాను. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినట్టు ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి వచ్చి పడ్డాను.

రిపేరు బిల్లు 16,400 అయింది. నాకు జీరో డెప్ (సామాను తరుగు కోయకుండా కట్టే అదనపు కవర్) లేదు. ప్లాస్టిక్ సామానుకి సగం తరుగు తీసేశారు, కంపల్సరీ డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) 1,000 కోశారు, ఇంకేవో పోగా కంపెనీ కట్టింది 9,700. ఇప్పుడు అటువైపు చూడండి. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం డిస్కౌంట్ లేకుండా సుమారు 10 వేలు. 50 శాతం పోతే ఈ ఒక్క ఏడాదికే 5 వేలు, 18 శాతం జీఎస్టీతో 5,900. మళ్ళీ 50కి ఎక్కేదాకా ఏటా కొంత పోతూనే ఉంటుంది. కారు పాతబడి ప్రీమియం తగ్గేది తీసేసినా మొత్తం 10 వేలు దాటుతుంది. అంటే 9,700 తీసుకుని అంతకంటే ఎక్కువ కడుతున్నా. ఈ లెక్క సర్వీస్ సెంటర్‌లో ఎవరూ చెప్పరు. వాళ్ళకి క్లెయిమ్ అయితేనే పని.

అసలు హెచ్చరిక ఇప్పుడు చెప్తున్నాను. రెన్యువల్ నోటీసులో 16 వేల పైచిలుకు చూసి గుండె గుభేలుమంది. తెలిసినాయన ద్వారా ఒక ఏజెంట్ దొరికాడు. "వేరే కంపెనీలో 10,320కి చేయిస్తా సార్" అన్నాడు. క్లెయిమ్ అయిందని చెప్పాను. "అదంతా నేను చూసుకుంటా సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. డబ్బు పంపేశాను. రాత్రి వాట్సాప్‌లో పాలసీ పీడీఎఫ్ వచ్చింది. మామూలుగా అయితే తెరిచేవాణ్ణి కాదు. ఎందుకో తెరిస్తే, ప్రీమియం పట్టికలో "ఎన్‌సీబీ 50 శాతం" అని ఉంది. కింద డిక్లరేషన్‌లో, గడిచిన పాలసీలో క్లెయిమ్ ఏదీ లేదని నేనే చెప్పినట్టుంది. చూసుకోవడమంటే ఇదన్నమాట.

ఆ డిక్లరేషన్ తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ భాగం కింద రావాల్సినవేవీ రావని అందులోనే రాసుంటుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే క్లెయిమ్ సంగతి బయటపడుతుంది. అది మనకి రేపు ఇంకో యాక్సిడెంట్ అయ్యి, కారు గ్యారేజీలో ఉన్నప్పుడు బయటపడితే? బిల్లంతా మన నెత్తినే. సంతకం మనదే కాబట్టి ఏజెంట్ మీదకి నెట్టేద్దామన్నా కుదరదు. నిలదీస్తే "అందరూ ఇలాగే చేయించుకుంటారు సార్" అన్నాడు. అదే భయం నాకు, ఎంతమంది కార్లు ఇలా తిరుగుతున్నాయో.

మర్నాడు కొత్త కంపెనీకి నేనే మెయిల్ పెట్టి, తేడా 5,900 కట్టి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో తప్పు సరిదిద్దినట్టు కంపెనీ ఇచ్చే కాగితం) తీసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

కాబట్టి చిన్న రిపేరైతే క్లెయిమ్ పెట్టేముందు పైన చెప్పిన లెక్క వేసుకోండి. వీలైతే గుద్దినవాడి దగ్గర స్పాట్‌లోనే తేల్చుకోండి, వాడి బండి నంబరు, లైసెన్స్, పాలసీ కాగితం ఫోటో తీయండి. వాడి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ళకి చేసిన నష్టానికి కట్టేది) మీద రాబట్టుకునే దారి ఉంది గానీ, పోలీస్ కేసు, ట్రిబ్యునల్, వకీలు అంటూ 16 వేల కోసం తిరగడం నావల్ల కాదు. పెద్ద డ్యామేజీ అయితే మాత్రం ఆలోచించకుండా క్లెయిమ్ చేసుకోండి, బోనస్ కోసం చూసుకుంటే అసలుకే మోసం. 50 శాతంలో ఉన్నవాళ్ళు ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్) అడగండి. యాక్సిడెంట్ అయ్యాక తీసుకుంటే పనికిరాదు, ఎన్ని క్లెయిమ్‌లకి వర్తిస్తుందో కూడా కంపెనీని బట్టి మారుతుంది. రెన్యువల్ కూడా లాగకండి, గడువు దాటి 90 రోజులైతే క్లెయిమ్ లేకపోయినా ఎన్‌సీబీ పోతుంది.

ఈమధ్య ఏజెంట్ ద్వారా చేయించినవాళ్ళు ఈ రాత్రికే పీడీఎఫ్ తెరిచి ఎన్‌సీబీ అన్న గడి చూడండి. తప్పుంటే ఏజెంట్‌కి కాదు, నేరుగా కంపెనీకి రాయండి. వాళ్ళు పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు.