తెలుగు సైటుకి ఏ సీఎంఎస్ మంచిది? మామయ్య వ్యాసాలతో ఆరు నెలల అనుభవం

ముందే చెప్పేస్తాను, సైటు నడిపే సాఫ్ట్‌వేర్లు (వీటినే సీఎంఎస్ అంటారు) ఒక్కొక్కటీ చూసి, చివరికి సొంత హోస్టింగ్‌లో, అంటే సైటు కోసం అద్దెకి తీసుకున్న సర్వర్ మీద, వర్డ్‌ప్రెస్ పెట్టాను. ఆరు నెలలుగా నడుస్తోంది. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎక్కడ తగ్గించానో, మిగతావి ఎందుకు వద్దనుకున్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు ఇంగ్లీషులో వందల రివ్యూలు కనిపించాయి గానీ తెలుగు రాతని దృష్టిలో పెట్టుకుని రాసింది ఒక్కటీ నా కంట పడలేదు.

మా మామయ్య తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్ల గురించి, కాలువల మీద పడవలు తిరిగిన రోజుల గురించి, పాత నాటక సమాజాల గురించి నలభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. దాదాపు 140 వ్యాసాలు. కొన్ని చేతిరాతలో, కొన్ని డీటీపీ సెంటర్ వాళ్లు ఇచ్చిన సీడీల్లో, కొన్ని ఈమధ్య ఫోన్లో వాయిస్ టైపింగ్‌తో చెప్పి వాట్సాప్‌లో తనకి తానే పంపుకున్నవి. సంక్రాంతికి వెళ్లినప్పుడు "ఒరేయ్, ఇవన్నీ ఒక చోట పడేలా ఏదన్నా చూడరా, నా తర్వాత అటక మీద చెదలు తింటాయి" అన్నారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, వెబ్ డెవలపర్‌ని కాదు. కానీ ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

సీఎంఎస్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట: కోడ్ రాయకుండా సైట్లోకి వ్యాసాలు, ఫొటోలు ఎక్కించుకోవడానికి, దిద్దుకోవడానికి, వరసగా పెట్టుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష కూడా ఒక్కటే. ప్రతి దాంట్లోనూ మామయ్యకి ఒక ఖాతా తెరిచి ఇచ్చి, "మీ పాటికి మీరు ఒక వ్యాసం, దాంతో ఒక ఫొటో పెట్టండి, నేను పక్కన కూర్చుంటాను గానీ మౌస్ ముట్టుకోను" అన్నాను. రోజూ వాడేది ఆయన. నాకు నచ్చినంత మాత్రాన లాభం లేదు.

మొదట బ్లాగర్. దీని మీద నాకు చాలా గౌరవం ఉంది. 1999లో మొదలై, 2003లో గూగుల్ చేతికి వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైప్ చేసి బ్లాగుల్లో పెట్టి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి అనే సైట్లో ఒకరివి ఒకరు చదువుకున్న తరం చాలావరకు దీంట్లోనే రాయడం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, హోస్టింగ్ గొడవ లేదు, సొంత డొమైన్ (సైటు చిరునామా) కూడా తగిలించుకోవచ్చు. మామయ్య పదిహేను నిమిషాల్లో వ్యాసం పెట్టేశారు. అయినా ఎందుకు వద్దన్నానంటే, అది బ్లాగు కోసం కట్టిన ఇల్లు. కొత్తది పైన, పాతది కింద, అంతే. మామయ్య వ్యాసాలకి తేదీ ముఖ్యం కాదు, ఊరు ముఖ్యం. ఊరు వారీగా ఒక వరస, విషయం వారీగా ఇంకో వరస కావాలి. బ్లాగర్‌లో ఉన్న లేబుళ్లతో ఆ రెండింటినీ విడదీయబోతే అన్నీ ఒకే కుప్పలో పడ్డాయి. పైగా కొన్నేళ్లుగా దాంట్లో చెప్పుకోదగ్గ మార్పులేవీ రావట్లేదు. సొంత డైరీలా రాసుకునేవాళ్లకైతే ఇప్పటికీ ఇదే చాలు, డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు.

విక్స్ చూడ్డానికి చాలా అందంగా ఉంది. లాగి పెడితే చాలు, పేజీ తయారవుతుంది. కానీ సైటు మొత్తాన్ని అలాగే ఎత్తుకెళ్లి వేరే హోస్టింగ్‌లో పెట్టుకోవడం కుదరదు. ఒక మనిషి నలభై ఏళ్ల రాతని బయటికి తెచ్చుకునే దారి లేని చోట పెట్టడానికి నాకు మనసొప్పలేదు. దాన్ని మామయ్యకి చూపించను కూడా లేదు.

గోస్ట్ నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చింది. 2013లో కిక్‌స్టార్టర్‌లో జనం ఇచ్చిన డబ్బుతో మొదలైన సాఫ్ట్‌వేర్. రాసుకునే తెర ఖాళీ కాగితంలా ప్రశాంతంగా ఉంటుంది, ఈమెయిల్ పత్రిక పంపడం దాంట్లోనే కలిసి ఉంటుంది. మామయ్య కూడా "ఇది బాగుందిరా, గోల లేదు" అన్నారు. కానీ వాళ్ల హోస్టింగ్ తీసుకుంటే డాలర్లలో కట్టాలి. సొంతంగా పెట్టుకుందామంటే నోడ్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ కావాలి, మన దగ్గర చవగ్గా దొరికే, చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్ సరిపోదు. చందాలు తీసుకోవాలంటే స్ట్రైప్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ఉండాల్సిందే, యూపీఐతో నేరుగా కట్టించుకుందామంటే లోపల అలాంటి ఏర్పాటు లేదు. చందాలతో ఇంగ్లీషు పత్రిక నడిపేవాళ్లు తప్పకుండా చూడాల్సిందే గానీ మాకు పనికిరాలేదు.

హ్యూగో లాంటివాటితో కట్టే స్టాటిక్ సైట్లు (పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టేవి) వేగంలో వీటన్నిటికంటే ముందుంటాయి, డేటాబేసే లేదు కాబట్టి హ్యాకింగ్ భయమూ తక్కువే. కానీ మార్క్‌డౌన్ అనే గుర్తుల పద్ధతిలో రాసి, ప్రోగ్రామర్లు వాడే గిట్‌లోకి పంపండి అని డెబ్బై ఏళ్ల మాస్టారుకి చెప్పలేను కదా. జూమ్లా ఒక సాయంత్రం చూశాను, మెనూల్లోనే తప్పిపోయాను. ద్రూపల్ పెద్ద సంస్థలకి, పది మంది సంపాదకులు, నాలుగు భాషలు ఉన్న చోట్లకి గట్టి సరుకు. ఒక మనిషి వ్యాసాలకి అది పెళ్లి భోజనం వండే గుండిగలో కాఫీ కాచినట్టు ఉంటుంది. పైగా ఏడో వెర్షన్‌కి 2025 జనవరితో సపోర్టు ఆపేశారు, దాంట్లోంచి కొత్త వెర్షన్లకి మారడం సైటుని దాదాపు మళ్లీ కట్టుకోవడమే.

ఇక వర్డ్‌ప్రెస్. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు. మొదటిది ఒక కంపెనీ నడిపే సేవ, ఉచిత ప్లాన్ ఒకటి ఉన్నా మిగతావి నెలకో ఏడాదికో కొనుక్కోవాలి. రెండోచోట దొరికేది సాఫ్ట్‌వేర్, ఉచితం, దించుకుని మనకి ఇష్టమైన హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చు. నేను చెప్పేదంతా ఈ రెండోదాని గురించే. 2003లో మొదలైంది, ఇవాళ ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో 40 శాతం పైగా దీని మీదే నడుస్తున్నాయి. దానివల్ల నాకు కలిగిన లాభం ఏంటంటే, ఏ చిక్కు వచ్చినా నాకంటే ముందే ఎవరో పడ్డారు, పరిష్కారం రాసిపెట్టారు.

మామయ్య పరీక్షలో మాత్రం మొదటి రోజు ఫెయిలైంది. 2018 డిసెంబరులో ఐదో వెర్షన్‌తో వచ్చిన బ్లాకుల ఎడిటర్ ఉంది కదా, ఎంటర్ కొట్టినప్పుడల్లా కొత్త పేరా ఒక పెట్టెలా విడిగా నిలబడుతుంది. రెండు పేరాలు కలిపి ఎంచుకోబోయి, ఒక పెట్టె కిందకి జరిగిపోయి, "నేను రాసింది ఎటు పోయిందిరా" అని ఆయన కంగారుపడ్డారు. దాని బదులు పాత తరహా ఎడిటర్‌ని తెచ్చే క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) వేశాను. పైన బోల్డు, ఇటాలిక్ గుర్తులు, కింద తెల్ల కాగితం, ఆయనకి అలవాటైన వర్డ్ లాగే ఉంది. ఆ రోజే మూడు వ్యాసాలు పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం సైటు కడుతుంటే మొదటి రోజే ఈ ప్లగిన్ వేసేయండి.

ఇప్పుడు అసలు విషయం, లింకులు. ఆయన పెట్టిన మొదటి వ్యాసం పేరు "కృష్ణా కాలువల్లో పడవ ప్రయాణాలు". పబ్లిష్ చేసి సంబరంగా లింకు కాపీ చేసి బంధువుల గ్రూపులో పెడితే, అర పేజీ పొడవున శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. మా పెద్దమ్మ "ఇదేదో వైరస్ లింకు, ఎవరూ నొక్కకండి" అని వెంటనే మెసేజ్ పెట్టింది. ఇంకా చిత్రం, ఆ లింకుని విప్పి చూస్తే పేరు "పడవ-ప్ర" దగ్గర ఆగిపోయింది. ప్రయాణాలు లేవు! ఎందుకని తవ్వితే తెలిసింది, లింకులో వ్యాసం పేరుకి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలు. తెలుగులో ఒక్కో హల్లుకి, ఒక్కో గుణింతపు గుర్తుకి, పొల్లుకి కూడా లింకులో తొమ్మిదేసి అక్షరాలు పడతాయి. లెక్క వేసుకోండి, 22 గుర్తులకి మించి పట్టదు. "కృష్ణా" అన్న మాటకే ఆరు పోతాయి. ఇంగ్లీషు వాళ్లకి ఈ ఇబ్బందే ఉండదు కాబట్టి వాళ్ల రివ్యూల్లో ఇది కనపడదు.

మేం చేసిన పని చిన్నదే. శీర్షిక తెలుగులోనే ఉంచి, దాని కింద లింకు కనిపించే పర్మాలింకు గడిలో మాత్రం రెండు మూడు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో కొడతాం. మొదటి రోజు నుంచే చేయండి. వంద వ్యాసాలు ఎక్కించాక మారిస్తే, అప్పటికే జనం పంచుకున్న పాత లింకుల్లో కొన్ని తెగిపోవచ్చు.

రెండోది ఒత్తులు. నేను ఎంచుకున్న మొదటి థీమ్ (సైటుకి రూపం ఇచ్చేది) డెమోలో కళ్లు చెదిరేలా ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కాబట్టి! మన "రాష్ట్రం", "జ్యోత్స్న", "స్త్రీ" పడేసరికి పెద్ద శీర్షికల్లో పై వరస ఒత్తులు కింద వరస తలకట్లకి వెళ్లి గుద్దుకున్నాయి. మామయ్య కళ్లజోడు పైకెత్తి తెర దగ్గరకి వచ్చి చూసి, "ఇలా అచ్చేస్తే పిల్లలు దీన్ని ఏమని చదువుతారు?" అన్నారు. ఆయన బడిలో నలభై ఏళ్లు ఒత్తులు దిద్దించిన మనిషి, ఊరుకుంటారా. వరసల మధ్య ఎడం 1.2 ఉన్నదాన్ని శీర్షికలకి 1.6, వ్యాసానికి 1.9 చేశాక ఊపిరి పోసినట్టు అయింది. ఏ థీమ్ అయినా కొనేముందు, వేసేముందు, ఒక నాలుగు ఒత్తులున్న తెలుగు పేరా దాంట్లో పెట్టి చూడండి. డెమో చూసి డబ్బు కట్టొద్దు.

ఫాంట్ల విషయంలో మాత్రం మనకి లోటు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, సురవరం, పెద్దన అంటూ బోలెడు ఉచితంగా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ 6.5 వెర్షన్ నుంచి బ్లాక్ థీమ్‌లలో ఫాంటుని ఎడిటర్ లోంచే ఎక్కించుకునే సౌకర్యం కూడా వచ్చింది. తెనాలి మాస్టారి సైటు కాబట్టి శీర్షికలకి తెనాలి రామకృష్ణ ఫాంటే పెట్టాను, చదివే పేరాలకి నోటో సాన్స్ తెలుగు. పేరు చెప్పగానే మామయ్య ముఖం వెలిగిపోయింది.

వెతుకులాట నేను అనుకున్నదాని కంటే బాగా పనిచేసింది. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా వచ్చే సెర్చ్ మాటలో ముక్కని కూడా పట్టుకుంటుంది, అందుకని "కాలువ" అని కొడితే "కాలువల్లో", "కాలువగట్టు" కూడా వస్తాయి. మన భాషలో విభక్తులు మాటకి అంటుకుపోతాయి కాబట్టి ఇది పెద్ద లాభం. "ఊరు" అని కొడితే "ఊళ్లో", "ఊరికి" మాత్రం రావు, అక్కడ మాటే మారిపోయింది మరి. మొదటి పేజీలో వ్యాసం మొదలు కొంచెం చూపిస్తుంది చూడండి, అది మామూలుగా 55 మాటలు ఉంటుంది. మన మాటలు పొడుగు, ఫోన్లో ఒక్కో వ్యాసమే తెరంతా నిండిపోతుంది. 25కి తగ్గించాను.

ఇక ఆ పోయిన మార్కు సంగతి. వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నామంటే కాపలా మనదే. ప్లగిన్లకి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, వేయకపోతే ఆ కన్నాల్లోంచి ఎవడో దూరతాడు, వేస్తే ఒక్కోసారి సైటే పడుకుంటుంది. మూడో నెలలో గ్యాలరీ ప్లగిన్ ఒకటి అప్‌డేట్ చేయగానే సైటంతా తెల్ల పేజీ అయిపోయింది. రాత్రి పదకొండింటికి మామయ్య ఫోను, "ఏరా, అన్నీ పోయాయా?" అని. ఆ గొంతు వింటే నాకు చెమటలు పట్టాయి. ఏమీ పోలేదు, అంతకుముందు రాత్రే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ తీసిన బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంది, నలభై నిమిషాల్లో తిరిగి వచ్చింది. బ్యాకప్ లేకపోయి ఉంటే ఆయనకి ఏం సమాధానం చెప్పేవాణ్నో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అప్పట్నుంచి ప్లగిన్లు పద్నాలుగు నుంచి ఆరుకి తగ్గించాను. డాష్‌బోర్డు తెలుగులోకి మార్చుకోవచ్చు గానీ కొన్ని మెనూలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపించి మామయ్య ఇంకా తికమక పడ్డారు, మళ్లీ ఇంగ్లీషుకే మార్చాం.

ఖర్చు: డొమైన్, హోస్టింగ్ కలిపి మొదటి ఏడాది 2,300 రూపాయలు పడింది. రెన్యువల్ ధర చూస్తే దాదాపు 6,000! కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించే ధర మొదటి ఏడాదికే, ఆ తర్వాత ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చూసుకోలేదు, మీరు చూసుకోండి. కుదిరితే ఇంకో కంపెనీకి మారదామని అనుకుంటున్నాను, వర్డ్‌ప్రెస్ కాబట్టి ఆ పని నా చేతిలో ఉంది. ఎగుమతి అని ఒక బటన్ ఉంటుంది, రాతంతా ఒకే ఫైల్లో దిగుతుంది. ఫొటోలు మాత్రం దాంట్లో రావు, వాటిని విడిగా దించుకోవాలి, ఇది గుర్తుంచుకోండి.

ఇప్పటికి 83 వ్యాసాలు ఎక్కాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి కాపీ చేసి ఏ సీఎంఎస్‌లో పెట్టినా పిచ్చి గీతలే వస్తాయి. కన్వర్టర్లో వేస్తే మాటలు వస్తున్నాయి గానీ ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతున్నాయి, మామయ్య ఎర్ర పెన్నుతో ప్రింటు మీద దిద్దుతున్నారు, నేను ఆదివారాలు కూర్చుని ఎక్కిస్తున్నాను. ఒత్తులు చెడకుండా మార్చే కన్వర్టర్ మీరెవరైనా వాడి ఉంటే దాని పేరు చెప్పండి, ఇంకా 57 ఉన్నాయి.