నాన్నగారికి మింట్, నాకు ప్లాస్మా

ఎవరైనా కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేసుకుంటానంటే ముందు మింట్ సినమన్ (సినమన్ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే ఒక రకం లినక్స్) పేరే చెప్తాను. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, అన్నీ పాత విండోస్ వాడినవాళ్లకి అలవాటైన చోటే ఉంటాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంటే డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సూచించింది నొక్కి, రీస్టార్ట్ చేస్తే సరి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అందుకే నాన్నగారి ల్యాప్‌టాప్‌లో అదే వేశాను.

నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో మాత్రం ఫెడోరా కేడీఈ, అంటే ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌తో వచ్చే ఇంకో రకం లినక్స్. నావి రెండు మానిటర్లు, ఒక్కోదానిది ఒక్కో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క). ప్లాస్మా 6లో వేలాండ్ (తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) మీద 144 హెర్ట్జ్‌ది 144లోనే, 60ది 60లోనే నడుస్తుంది. సినమన్ మామూలుగా నడిచే పాత పద్ధతి ఎక్స్11లో ఇదో తలనొప్పి. ఆటలకి, స్టీమ్ అనే గేమ్స్ స్టోర్ నడిపే వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్ ఉందిగా, విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపించేది అదే, స్టీమ్‌లోని విండోస్ గేమ్స్ చాలావరకు నోరెత్తకుండా ఆడతాయి. వాలరెంట్ గేమ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆటలో మోసాలు పట్టే దాని యాంటీచీట్ లినక్స్‌లో పనిచేయదు.

తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే, ప్లాస్మా సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ దగ్గర ‘ఐబస్ వేలాండ్’ ఎంచుకోవాలి. దాన్ని అక్కడ ఎందుకు దాచారో వాళ్లకే తెలియాలి! గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, మినిమైజ్ బటన్ కోసం ట్వీక్స్ అనే యాప్ వేసుకోవడం నా వల్ల కాదు బాబూ.