బెజవాడ ఎండకి అక్వేరియం: ఫ్యానా, ఐసు సీసాలా, ఏసీయా, చిల్లరు యంత్రమా?

అక్వేరియం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు చెప్పినవే. నీటి ఉష్ణోగ్రత అనగానే వాళ్లకి హీటరు గుర్తొస్తుంది. మన విజయవాడలో, గుంటూరులో హీటరు సంగతి డిసెంబరు, జనవరి నెలలకే పరిమితం, అదీ కొన్ని చేపలకే. మన అసలు తంటా మార్చి ఆఖర్లో మొదలవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దాకా నడిచి, జూన్ ఉక్కపోతలో ఇంకాస్త ముదిరి, నాలుగు వానలు గట్టిగా పడ్డాక గానీ వదలదు. అన్నాళ్లూ నీళ్లని 30 డిగ్రీల లోపు ఉంచడానికి జనం చేసేవి ముఖ్యంగా నాలుగు: నీటి మీదికి ఫ్యాను తిప్పడం, ఐసు కట్టిన సీసాలు వేయడం, గదికి ఏసీ పెట్టడం, చిల్లరు (ట్యాంకు నీళ్లని చల్లబరిచే యంత్రం) కొనడం. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఎక్కువ ఇళ్లకి ఫ్యాను చాలు. అయితే అది ఏ రోజు పనిచేస్తుందో, ఏ రోజు చేతులెత్తేస్తుందో తెలిసి ఉండాలి.

ముందు వేడితో వచ్చే చిక్కేమిటో చూద్దాం. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 32 డిగ్రీలకి వచ్చేసరికి అది 7.3కి దిగుతుంది. ఒక్క మిల్లీగ్రామేగా అనుకోవద్దు. నీళ్లు వేడెక్కేకొద్దీ చేప ఒంట్లో అన్ని పనులూ వేగం పుంజుకుని, దానికి కావలసిన ఆక్సిజన్ పెరిగిపోతుంది. ఫిల్టరులో మకాం పెట్టిన బ్యాక్టీరియా కూడా తన వాటా తను లాక్కుంటుంది. కైకలూరు వైపు చేపల చెరువుల్లో తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరిగేది ఈ కొరత తీర్చడానికే. ఇక చేప వదిలే అమ్మోనియా. పీహెచ్ 8 ఉన్న, అంటే కాస్త క్షారగుణం ఉన్న నీళ్లలో 25 డిగ్రీల దగ్గర అందులో విషంగా మారే భాగం అయిదు శాతం చిల్లర ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అందుకే మే నెలలో ఏ పద్ధతి పట్టినా ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి, మేత సగానికి తగ్గాలి. ఈ రెండూ చేయకుండా వేలు పోసి చిల్లరు కొనడం దండగ.

పోలిక తేలిగ్గా ఉండటానికి ఒక ట్యాంకు లెక్క తీసుకుందాం. రెండున్నర అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. మన ఇళ్లలో మామూలుగా కనిపించే సైజే. కంకర, రాళ్లు పోను అందులో దాదాపు వంద లీటర్ల నీళ్లు పడతాయి.

ఫ్యాను చేసే పని మట్టికుండ చేసే పనే. నీరు ఆవిరయ్యేటప్పుడు మిగిలిన నీటిలోంచి వేడిని పట్టుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. బయటి నుంచి కొత్త వేడి రాకుండా ఉంటే వంద లీటర్ల నీళ్లని అయిదున్నర డిగ్రీల పైన చల్లబరచగల లెక్క ఇది. అదే కిలో ఐసు కరిగి ట్యాంకు నీళ్లలో కలిసే లోపు లాగేసేది 450 కిలోజౌళ్లకి కాస్త అటూ ఇటూ. అంటే గాలికి ఒక లీటరు ఆవిరి కావడం అయిదు కిలోల ఐసు పెట్టు. పొడిగాలి వీచే రోజుల్లో ఫ్యాను కింద ఇలాంటి ట్యాంకులోంచి రోజుకు రెండు మూడు లీటర్లు ఇట్టే ఎగిరిపోతాయి. పది కిలోల పైన ఐసు చేసే పనిని ఒక చిన్న ఫ్యాను చడీచప్పుడు లేకుండా చేసేస్తుందన్నమాట. కంప్యూటర్లో వాడే పన్నెండు వోల్టుల బుల్లి ఫ్యాన్లు రెండు అంచుకి బిగిస్తే కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు. మామూలు టేబుల్ ఫ్యాను పెట్టినా రోజంతా తిరిగితే యూనిట్ చిల్లర. గాలి అద్దానికి కాదు, నీటి పైభాగానికి ఏటవాలుగా తగలాలి. పైమూత తీసేయాలి. మూత ఉంచి ఫ్యాను పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మూత తీస్తే చేపలు ఎగిరి పడతాయన్న భయం ఉంటే కిటికీలకి వేసే దోమల జాలీ ముక్క కత్తిరించి పరచండి.

ఇక ఫ్యాను హద్దు. ఎంత తిప్పినా ఆవిరితో నీళ్లు ఒక స్థాయి కిందికి దిగవు. ఆ స్థాయిని నిర్ణయించేది ఎండ ఒక్కటే కాదు, గాలిలో తేమ కూడా. పడమటి నుంచి వడగాలి కొట్టే రోజు గాలి 42 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నాయనుకుందాం. ఆ రోజు అట్టడుగు హద్దు 26 డిగ్రీల దగ్గర. అదే సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగి, 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. ట్యాంకు ఎప్పుడూ ఆ హద్దుకి రెండు మూడు డిగ్రీల పైనే నిలబడుతుంది. అంటే మనం వడదెబ్బకి భయపడి తలుపులు మూసుకునే రోజున ఫ్యాను కింద చేపలు బాగానే ఉంటాయి. హమ్మయ్య, ఎండ తగ్గిందనుకున్న ఉక్కపోత రోజునే వాటికి ఇబ్బంది. మృగశిర కార్తె వచ్చిందని మనం చేపల పులుసు పెట్టుకునే వేళకి అక్వేరియంలో చేపల గండం ఇంకా తీరదు.

ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లు దాన్నే ట్యాంకు వైపు తిప్పొచ్చా అని అడుగుతుంటారు. తిప్పొచ్చు, కిటికీలు తెరిచి ఉంటేనే. గది మూసి కూలర్ వేస్తే కాసేపటికి గదంతా తేమ నిండి, కూలరూ పనిచేయదు, ట్యాంకూ చల్లబడదు.

ఫ్యానుతో వచ్చే అసలు పని రోజూ నీళ్లు నింపడం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని ఉప్పులు ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఎగిరిపోయిన నీటికి బదులు రోజూ బోరు నీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేసరికి ఉప్పులు పేరుకుని అది కఠినజలం అవుతుంది. ఆ రెండు మూడు లీటర్లకి ఆర్వో నీళ్లు వాడటం మేలు. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లు ఉన్నారు. చూడటానికి శుభ్రంగానే ఉంటాయి గానీ, లోపలి రాగి గొట్టాలు, రేకుల మీదుగా వచ్చిన నీళ్లవి. రాగి కొంచెమైనా రొయ్యలకి, నత్తలకి పడదు. ఇంకొకటి, నీళ్లు మార్చే పని ఎప్పుడూ తెల్లవారకముందే పెట్టుకోవాలి. మధ్యాహ్నం డాబా మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే చుర్రుమంటాయి. మునిసిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు ఎలాగూ తప్పవు.

ఐసు సీసాల సంగతి. షాపులో అడిగితే ముందు చెప్పే ఉపాయం ఇదే, "రెండు బాటిళ్లు ఫ్రీజర్లో పెట్టి వేసేయండి సార్" అని. వేయొచ్చు. రెండు లీటర్ల సీసా ఒకటి వేస్తే మన వంద లీటర్ల ట్యాంకు రెండు డిగ్రీల లోపు దిగుతుంది, ఐసు కరిగిపోయాక మళ్లీ మొదటికే వస్తుంది. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి వేస్తూ కూర్చుంటే నీటి ఉష్ణోగ్రత రోజంతా దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. చేపలకి నిలకడగా ఉండే 31 కన్నా, గంటల్లో 28కీ 32కీ మధ్య ఊగిసలాడటమే ఎక్కువ హాని. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వచ్చే జబ్బు ఇలాంటి ఊగిసలాట తర్వాతే తరచూ బయటపడుతుంది. పైగా ఆ సీసాలని గడ్డ కట్టించడానికి ఫ్రిజ్ బయటికి తోసే వేడి మన ఇంట్లోకే వస్తుంది. నా దృష్టిలో ఐసు అత్యవసరానికి దాచుకోవలసిన వస్తువు. ఫ్యాను పాడైన రోజు, నీళ్లు 33 దాటి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్న సాయంత్రం, అలాంటప్పుడు. అప్పుడు కూడా మూత బిగించిన సీసానే తేలనివ్వాలి. ఐసు గడ్డలు నేరుగా వేయకూడదు.

ఏసీ గదిలో ట్యాంకు పెట్టడం వినడానికి హాయిగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లో, పసిపిల్లలో ఉండి పగలూ రాత్రీ ఏసీ ఆడే గది ఉంటే, ఆ గదే అక్వేరియంకి అన్నిటికన్నా మంచి చోటు, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. ఏసీ గాలిలో తేమని కూడా లాగేస్తుంది కాబట్టి అక్కడ చిన్న ఫ్యాను తోడైతే ట్యాంకు గది కన్నా చల్లగా ఉంటుంది. కానీ చాలా ఇళ్లలో ఏసీ రాత్రి పడుకునేటప్పుడు వేసి పొద్దున్నే కట్టేస్తారు. తెల్లారేసరికి 27కి దిగిన నీళ్లు సాయంత్రానికి 33కి ఎక్కుతాయి, రోజూ అదే తంతు. అలాంటి పడకగది కన్నా ఫ్యాను ఉన్న హాలే నయం. కేవలం చేపల కోసం టన్ను ఏసీ రోజంతా నడిపితే పది యూనిట్లకు అటూ ఇటూ కాలుతుంది. నెల బిల్లులో స్లాబు మారిపోతుంది. ఆ డబ్బుతో రెండు మూడు ఎండాకాలాలు తిరిగేసరికి చిల్లరు వస్తుంది.

చిల్లరు అంటే చిన్న ఫ్రిజ్ కంప్రెసరు. పంపు నీళ్లని దాని గుండా తిప్పుతుంది, మనం పెట్టిన డిగ్రీ దగ్గర అది ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఉక్కపోత ఉన్నా లేకున్నా దాని పని దానిదే, ఫ్యానుకి లేని గుణం అదే. మన సైజు ట్యాంకుకి పదో వంతు హార్స్ పవర్ది సరిపోతుంది. కరెంటు కూడా ఏసీతో పోలిస్తే చాలా తక్కువ, రోజుకి రెండు మూడు యూనిట్లు. ధర మాత్రం వేలల్లో, చాలాసార్లు చేపలూ ట్యాంకూ కలిపినదానికన్నా ఎక్కువే. మోత ఉంటుంది, అది లాగిన వేడి గదిలోకే వదులుతుంది. కాబట్టి క్యాబినెట్లో తలుపు మూసి పెడితే తన వేడిలో తనే మగ్గిపోతుంది. తక్కువ ధరకి దొరికే చిప్ కూలర్లని (కంప్రెసరు లేకుండా ఎలక్ట్రానిక్ చిప్‌తో చల్లబరిచేవి) చూసి ఆశపడొద్దు, అవి ఇరవై లీటర్ల బుల్లి ట్యాంకుకే గానీ మన హాల్లోని ట్యాంకుకి ఆనవు.

మరి చిల్లరు ఎవరికి కావాలి? దీనికి జవాబు ఇంటిని బట్టి కాదు, చేపని బట్టి. సముద్రపు పగడాలు పెంచేవాళ్లకి తప్పదు, అవి 24 నుంచి 27 మధ్యే సుఖంగా ఉంటాయి. ఖరీదైన క్రిస్టల్ రొయ్యలకీ అంతే, ఇంకా చల్లగా కావాలి. నియాన్ టెట్రాలు 26 లోపే సుఖంగా ఉంటాయి. వింతేమిటంటే మన ఊళ్లో ఏ షాపుకెళ్లినా మొదటి అక్వేరియం కొనేవాళ్ల చేతిలో పెట్టేది గోల్డ్ ఫిష్‌నే. అది చల్లనీటి చేప. దానికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. పైగా బాగా తిని, బాగా మలినం చేసి, బాగా ఆక్సిజన్ కోరుతుంది. బెజవాడ మే నెలకి అంతకన్నా సరిపడని చేప దొరకడం కష్టం. ఏంజెల్, గప్పీ, మోలీ లాంటివి 28 దాకా బాగుంటాయి, ఫ్యాను కింద 29, 30 ఉన్నా నెట్టుకొస్తాయి. గౌరామీలు, ఫైటర్లు నీటిపైకి వచ్చి గాలి కూడా పీలుస్తాయి కాబట్టి ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటాయి. మన కొరమీనుకి ఉన్న విద్యే అది. ఇక డిస్కస్ ఖరీదైనదని, సుకుమారమని భయపెడతారు. నిజమే, నీళ్ల శుభ్రత విషయంలో సుకుమారమే. కానీ దానికి కావలసింది 28 నుంచి 30. మన ఎండాకాలం దానికి పెద్ద లెక్క కాదు.

ఏ దారి పట్టినా ట్యాంకు ఉన్న చోటు సగం పని చేస్తుంది. పై అంతస్తు ఇళ్లలో స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి కక్కుతుంది. అందుకే ట్యాంకు ఉష్ణోగ్రత మధ్యాహ్నం రెండింటికి కాదు, సాయంత్రం ఆరేడు దాటాక ఎక్కువుంటుంది. థర్మామీటరు అప్పుడు చూడాలి, అద్దానికి బయట అంటించే స్టిక్కరు కాకుండా నీటిలో మునిగే రకం. పడమటి గోడకి ఆనించి పెట్టకండి. వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టేవాళ్లకి ఈ విషయంలో తెలియకుండానే మేలు జరుగుతోంది, అటు సాయంత్రపు ఎండ పడదు. లైటు పగలు ఆపి రాత్రి కాసేపు వేసుకుంటే చాలు. నీటిలో మునిగి ఉండే మోటారు తినే ప్రతి వాటూ చివరికి నీళ్లలో వేడిగానే తేలుతుంది. అవసరాన్ని మించిన పంపు ఉంటే చిన్నది మార్చండి.

కరెంటు పోయినప్పుడు ఈ నాలుగింటిలో నిలబడేది మళ్లీ ఫ్యానే. ఇంటి ఇన్వర్టరు మీద ఫ్యాను, ఎయిర్ పంపు గంటల తరబడి ఆడతాయి. చిన్న ఇన్వర్టరు ఏసీని లాగలేదు. చిల్లరుని లాగినా బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. చిల్లరు ఉన్నవాళ్లు కూడా ఒక చిన్న ఫ్యాను, ఫ్రీజర్లో రెండు సీసాలు సిద్ధంగా ఉంచుకోవడం అందుకే.

హీటరు గురించి కూడా ఒక మాట. లీటరుకి ఒక వాటు అన్న లెక్క మనకి ఎక్కువే, వంద లీటర్లకి 50 వాట్లది చాలు. డిస్కస్‌కి చలికాలమంతా, మిగతా చేపలకి తెల్ల మచ్చల జబ్బు వైద్యం చేసేటప్పుడు వాడండి. శివరాత్రి వెళ్లగానే ప్లగ్గు తీసేసి, చల్లారాక ట్యాంకులోంచి బయటికి తీయండి. లోపలి థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటరుని ఆపే స్విచ్చు) అతుక్కుపోతే హీటరు ఆగకుండా కాగుతుంది, ఏప్రిల్‌లో ఆ పని జరిగితే ఏ ఫ్యానూ కాపాడలేదు.