వైఫై ఎందుకు తెగిందో చెప్పే విండోస్ రిపోర్టు: ఒక సమీక్ష

ల్యాప్‌టాప్‌కు వైఫై అందకపోతే చాలామంది ముందు రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తారు, ఆ తర్వాత పాస్‌వర్డ్ మరోసారి కొట్టి చూస్తారు. అప్పటికీ కుదరకపోతే, ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేకపోతున్నామన్న ఒక్క ముక్కతో విండోస్ సరిపెడుతుంది. అసలు కారణం మాత్రం లోపల నమోదవుతూనే ఉంటుంది. దానిని బయటకు తీసే సాధనం విండోస్ 10 కాలం నుంచి ఉన్నా, ఆదేశాలను టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ విండో జోలికి వెళ్లనివారికి దాని ఉనికే తెలియదు.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి ‘netsh wlan show wlanreport’ అని ఆదేశిస్తే (ఇంత పనికొచ్చే వస్తువుకు ఇంత నోరు తిరగని పేరు ఎందుకో), గడచిన 3 రోజుల వైఫై చరిత్ర బ్రౌజర్‌లో చూడదగిన ఫైలుగా తయారవుతుంది. పైన ఉండే గ్రాఫ్‌లో లోపం తలెత్తిన సమయం వద్ద ఎర్రటి గుర్తు కనిపిస్తుంది. కింద వైఫై కార్డు, దానిని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ వివరాలు ఉంటాయి.

నా దృష్టిలో దీని అసలు విలువ భద్రతకు సంబంధించిన లోపాలను విడదీసి చూపడంలో ఉంది. ఇళ్లలో వాడే డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో పాస్‌వర్డ్ ఎప్పుడూ గాలిలో ప్రయాణించదు. అది తమకు తెలుసని ల్యాప్‌టాప్, రౌటర్ నాలుగు సందేశాల మార్పిడితో పరస్పరం రుజువు చేసుకుంటాయి. ఆ మార్పిడి గడువులోగా పూర్తి కాలేదనో, పీఎస్‌కే (పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే రహస్య తాళం) సరిపోలలేదన్న అనుమానం ఉందనో రిపోర్టులో కనిపిస్తే, ముందుగా పాస్‌వర్డ్‌ను అనుమానించి, పాత నెట్‌వర్క్‌ను ‘ఫర్‌గెట్’ చేసి కొత్తగా చేరడం సబబు. డ్రైవరే కనెక్షన్‌ను తెంచిందని ఉంటే మాత్రం పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా ప్రయోజనం ఉండదు, డ్రైవర్ సంగతి చూడవలసిందే.

అయితే ఇది రోగం పేరు చెబుతుందే గాని మందు రాయదు. కాలేజీలు, ఆఫీసుల్లో సర్టిఫికెట్‌తో (డిజిటల్ గుర్తింపు పత్రంతో) నడిచే వైఫై, గుర్తింపును సరిచూసే ఈఏపీ దశలో విఫలమైందని చెబుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోవడం వల్లనే సర్టిఫికెట్ చెల్లడం లేదన్న సంగతి మనమే ఊహించుకోవాలి. అలాగే 2018లో వచ్చిన కొత్త భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3ని మాత్రమే అనుమతించేలా రౌటర్‌ను మార్చినప్పుడు, దానిని అర్థం చేసుకోలేని పాత కార్డు బయటే ఉండిపోతుంది. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ పెడితే చాలావరకు సరిపోతుందన్న సలహా ఇందులో దొరకదు.

వైఫై కలిసి ఉండి ఇంటర్నెట్ మాత్రమే రాని సందర్భంలో ఈ రిపోర్టు వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. కంప్యూటర్ పేరు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), ఇంతవరకు చేరిన నెట్‌వర్క్‌ల పేర్లు కూడా ఇందులో ఉంటాయి కనుక, సాయం కోసం దీనిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకుండా, సమస్యను చూస్తున్న వ్యక్తికి మాత్రమే పంపడం మంచిది.