మూడున్నరేళ్ల దద్దుర్లు: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

2021 ఆగస్టులో మొదలయ్యాయి. ఖమ్మంలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ బోర్డు మీద రాస్తుంటే మోచేతి లోపల చీమ పాకినట్టయింది. గోకాను. పీరియడ్ అయ్యేసరికి చెయ్యంతా ఎర్రగా లేచింది. సాయంత్రానికి చేతి మీద ఏమీ లేదు, నడుం చుట్టూ లంగా నాడా బిగిసిన మేర మాత్రం తాడు పేనినట్టు ఉబ్బింది. ఏదో ఒంటికి పడలేదులే అనుకున్నాను. ఆరు వారాలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారని నాకు తెలిసింది ఏడాదిన్నర తర్వాత.

ముందు ఇంటి వైద్యం. అత్తయ్య పాత గొంగడి తీసి ఒళ్లంతా రుద్దారు. పాపం, అర్ధరాత్రి లేచి కూర్చుని మరీ రుద్దేవారు. రుద్దుతున్నంతసేపు ప్రాణానికి హాయి, ఆపిన పది నిమిషాలకు రెట్టింపు దద్దుర్లు. వేపాకు వేసి మరిగించిన నీళ్ల స్నానమూ అంతే, వేడికి ఇంకా ఎక్కువయ్యాయి. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయట, అవి హిస్టమిన్ వదిలితేనే ఈ వాపు, ఈ దురద. నాలాంటి వాళ్లకు రాపిడీ వేడీ వాటిని ఇంకా రెచ్చగొడతాయి. చల్లటి తడిగుడ్డ మాత్రం నిజంగా పనిచేసింది. రాత్రి రెండింటికి బాత్రూంలో పీట మీద కూర్చుని తడి తువ్వాలు వీపున వేసుకున్న రాత్రులు లెక్కలేనన్ని. కాలమైన్ లోషన్ కూడా మంచిదే. ఓ ఇరవై నిమిషాలు చల్లగా ఉంటుంది, ఆ సందులో నిద్ర పట్టొచ్చు. దాంతో జబ్బు తగ్గుతుందని మాత్రం ఆశపడకండి.

తర్వాత పత్యం. వంకాయ, గోంగూర, గుడ్డు, చేపలు, వేరుశనగలు అన్నీ మానేశాను. అది చాలదని ఒక ల్యాబులో వేలు పోసి పెద్ద అలర్జీ పరీక్ష చేయించుకున్నాను. నాకు పడనివంటూ రెండు పేజీల జాబితా ఇచ్చారు. ఐదు నెలలు పెరుగన్నం, బీరకాయ కూరతో గడిపాను. ఆరు కిలోలు తగ్గాను, దద్దుర్లు ఒక్కటీ తగ్గలేదు. ఆ ఐదు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధే. పిల్లాడి పుట్టినరోజు కేకు ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు.

మధ్యలో సూదులు. వీధి చివర డాక్టరు ఏవిల్ ఇస్తే అరగంటలో అణిగేది, ఆ పూటంతా మత్తు. ఒకసారి పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ కునికాను. ఆ సిగ్గుతో మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకున్నాను. వేసుకుంటే దద్దుర్లు మాయం, మానేస్తే మళ్లీ ప్రత్యక్షం. అలా రెండు నెలలు. ముఖం ఉబ్బింది, పరగడుపున షుగర్ 138 చూపించింది. డాక్టరు రాసిన నాలుగైదు రోజుల కోర్సు వేరు, సొంతంగా నెలల తరబడి మింగడం వేరు. ఎవరూ నాలా చేయకండి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక చర్మవైద్యురాలిని కలిశాను. ల్యాబు కాగితాలు పక్కన పెట్టి, పెన్ను మొద్దు వైపుతో నా ముంజేతి మీద ఒక గీత గీశారు. మూడు నాలుగు నిమిషాల్లో ఆ గీత తెల్లగా ఉబ్బి, రెండు పక్కలా ఎర్రబడింది. నాడా దగ్గర, బ్యాగు పట్టీ కింద, గాజుల దగ్గర ఎందుకొస్తున్నాయో అప్పుడు అర్థమైంది. తర్వాత ఒక దద్దురు చుట్టూ సున్నా చుట్టి, రేపు పొద్దున చూడమన్నారు. తెల్లారేసరికి చేతి మీద సున్నా ఉంది, లోపల దద్దురు లేదు. ఒక్కో దద్దురు 24 గంటల్లోపే పోవడం ఈ జబ్బు గుర్తు. రోజు దాటినా అక్కడే ఉండి, కమిలిన మచ్చ మిగిల్చిందంటే వేరే జబ్బేమో చూడాలట.

"తిండి వల్లయితే తిన్న గంటా రెండు గంటల్లో రావాలి, తిన్న ప్రతిసారీ రావాలి. నీకు ఏం తిన్నా మానినా రోజూ వస్తున్నాయి కదమ్మా" అన్నారు. నాకు అక్కడే కన్నీళ్లొచ్చాయి. రక్తపరీక్షలు నాలుగే రాశారు. థైరాయిడ్ పనితీరు బాగానే ఉంది గానీ దాని మీద పోరాడే యాంటీబాడీలు ఎక్కువున్నాయి. మన రోగనిరోధక శక్తి మన మీదికే తిరగబడే రకంలో ఇది తరచూ కనిపిస్తుందట.

ఇక అసలు మందు. హిస్టమిన్‌ను అడ్డుకునే బిలాస్టిన్, 20 మిల్లీగ్రాముల మాత్ర. అంతకుముందు అదే జాతి లెవోసెట్రిజిన్ వాడాను, అదీ మంచి మందే, చవక కూడా. కానీ దురద పుట్టినప్పుడు మాత్రమే వేసుకునేదాన్ని. "ఇల్లు తగలబడ్డాక బావి తవ్వుతున్నావు" అన్నారు డాక్టరమ్మ. దద్దుర్లు ఉన్నా లేకున్నా రోజూ ఒకే వేళకు మాత్ర పడాలి. నాకు మూడేళ్లలో దొరికిన ఊరటంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. బిలాస్టిన్‌కు ఇంకో నియమం, తిండికి గంట ముందైనా వేసుకోవాలి, రెండు గంటల తర్వాతైనా వేసుకోవాలి. పండ్లరసంతో అసలు వద్దు. ఐదింటికి లేచి నీళ్లతో మింగి, టీ కోసం ఆరు దాకా ఆగుతాను. నాకు మత్తు లేదు, బండి నడుపుతున్నాను, పాఠాలు చెబుతున్నాను.

గోడ క్యాలెండర్ మీద రోజూ రెండు అంకెలు వేయమన్నారు. దద్దుర్లకు 0 నుంచి 3, దురదకు 0 నుంచి 3. వారానికి ఎక్కువలో ఎక్కువ 42. నా మొదటి వారం 31. రెండు వారాలు ఒక మాత్రతో 24కి దిగింది. డాక్టరమ్మ రోజుకు రెండు చేశారు. అవసరమైతే నాలుగింతల దాకా పెంచే పద్ధతి ఉందట, అది డాక్టరు చేతిలోనే ఉండాలి. రెండో నెల చివరికి 6.

ఆ క్యాలెండర్ వల్లే ఇంకోటి బయటపడింది. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకున్న మర్నాడల్లా 3 ఉంది, రెండుసార్లు పెదవి కూడా వాచింది. ఆ జాతి నొప్పి మాత్రలు, ఆస్పిరిన్‌తో సహా, కొంతమందికి ఈ జబ్బును ఎగదోస్తాయి. ఇప్పుడు నొప్పికి పారాసిటమాలే. పెదవి వాపు సర్దుకుంది గానీ, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా మాత్ర వేసుకుని కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మాత్రలకు లొంగని వాళ్లకు ఒమాలిజుమాబ్ అనే సూది ఉంది, నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న అమ్మాయికి అదే ఇస్తున్నారు, బాగా కుదిరిందని చెప్పింది. ఖరీదు మాత్రం చాలా ఎక్కువట. నాకు దాని దాకా రాలేదు.

కిందటేడు మందు పూర్తిగా ఆపి చూశాం, పదో రోజుకే నడుం దగ్గర మళ్లీ లేచాయి. ఏడుపొచ్చింది. ఇది చాలామందిలో కొన్నేళ్లకు దానంతటదే సద్దుమణుగుతుంది, అప్పటిదాకా అదుపులో ఉంచుకుందాం అన్నారు. ఇప్పుడు రోజుకు ఒకటే మాత్ర. నాడా బదులు వెడల్పు ఎలాస్టిక్ కుట్టించుకున్నాను, దానివల్ల కూడా చాలా తేడా వచ్చింది.

మొన్న ఆదివారం గుత్తివంకాయ వండాను. అత్తయ్య నా కంచం వైపు కాసేపు చూశారు. తర్వాత గరిటె తీసుకుని ఇంకో కాయ వేశారు.